సోమశిల ఒడ్డు నుంచి చిప్పుల కంపెనీని నిలదీసిన రోజు

ఈ ప్రయాణం మొక్కు తీర్చుకోవడానికి పెట్టుకున్నది కాదు, కృష్ణ నీళ్లు చూడటానికీ కాదు. మెమరీ చిప్పులు తయారుచేసే ఒక కంపెనీని ఒకే ఒక్క ప్రశ్న అడగడానికి బయల్దేరాం, నేనూ మా జయక్కా. ముందే చెప్పేస్తున్నాను: అడిగాం, జవాబు రాబట్టాం, దర్జాగా తిరిగొచ్చాం. నా సంతోషం ఇందులో అక్కడక్కడా పొంగిపొర్లితే ఏమనుకోకండి. గద్వాల నుంచి వనపర్తి మీదుగా సోమశిల చూడాలనుకునేవాళ్ల కోసం దారి, ఖర్చు, తిండి సంగతులన్నీ రాస్తాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెబితే కామెంట్లలో "కొనమంటారా, అమ్మమంటారా" అని నా ప్రాణం తీస్తారు.

నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తాను. జయక్క మల్దకల్ దగ్గర సీడు పత్తి పండిస్తుంది, అంటే కంపెనీలు విత్తనాల కోసం వేయించే పత్తి. కొన్నేళ్ల కిందట నా మాట నమ్మి ఈ చిప్పుల కంపెనీ షేర్లు కొంది. పొలం బావ పేరు మీద, ఇల్లు బావ పేరు మీద, ట్రాక్టరూ బావ పేరు మీదే. ఈ భూమ్మీద అక్క పేరుతో ఉన్న ఆస్తి ఆ షేర్లొక్కటే. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని మెమరీకి గిరాకీ వచ్చి వాటి ధర ఎక్కడికో పోయింది. "ఇంక సాలు, అమ్మెయ్. ఇంకో బోరేపిద్దం" అని బావ ఒకటే పోరు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న బోరు మూలుగుతుంటే ఏ రైతైనా అదే అంటాడు. అక్క మాత్రం "ఒక్క ముచ్చట తెల్సుకొని చెప్త" అంది. చివరికి ఇద్దరూ ఒక గడువు పెట్టుకున్నారు. కంపెనీ వాటాదారుల వార్షిక సమావేశం జరిగే రోజు సాయంత్రానికి అమ్మేదీ ఉంచేదీ అక్క తేల్చి చెప్పాలి. సరైన సంగతి తెలియకుండా ఉంచుకుని, రేపు ధర పడిపోతే ఆమెకు ఏమీ మిగలదు. భయపడి ఇప్పుడే అమ్మేస్తే, తనదంటూ ఉన్న ఆ ఒక్కటీ బోరు గుంతలో కలుస్తుంది.

ఆ ఒక్క ముచ్చట ఏంటో చెప్తాను. మెమరీ చిప్పుల వ్యాపారం టమాటా సాగులాంటిది. ధర ఉన్నప్పుడు అందరూ వేస్తారు, సరుకంతా ఒక్కసారే మార్కెట్‌కు వచ్చేసరికి ధర పడిపోతుంది. మా కంపెనీ అప్పు తెచ్చి మరీ కొత్త ఫ్యాక్టరీ కడుతోంది. భయమేం లేదు, పెద్ద పెద్ద కస్టమర్లు కొన్నేళ్లకు సరిపడా సరుకు కొంటామని ముందే ఒప్పందాలు చేసుకున్నారని వార్షిక నివేదికలో గొప్పగా రాసుకుంటోంది. అది చదివి వినిపిస్తే అక్క ఒకటే అడిగింది: "మంచిగనే ఉన్నది. రేపు ధర పడ్డంక వాళ్లు తీస్కోకపోతే?" ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఒక ఏడాది ఆర్గనైజర్, అంటే విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి, ఎంత పండితే అంత తీసుకుంటానని మాటిచ్చాడు. ధర పడ్డాక ఫోనెత్తడం మానేశాడు. విత్తనాల సంచులు అక్క వాళ్ల నడవలోనే ఉండిపోయాయి. ఆ ప్రశ్నను నేను కంపెనీకి రెండుసార్లు ఈమెయిల్ చేశాను. రెండుసార్లూ "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని వచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పేరు మీదా కొన్ని షేర్లున్నాయి, అందుకే ఈసారి సమావేశంలో మాట్లాడేవాళ్లలో ముందుగానే పేరు నమోదు చేయించుకున్నాను. సమావేశం వీడియోలోనే కాబట్టి ఫోనుంటే చాలు.

మరి ఇంట్లో కూర్చుని మాట్లాడొచ్చు కదా అంటారేమో. అది సీడు పత్తికి క్రాసింగ్ కాలం. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించే పని. ఇంటి నిండా కూలీలు, మోగుతూనే ఉండే ఫోన్లు. "ఇంట్ల ఉంటె ఒక్క మాట ఇననియ్యరు. యాడికన్న పోదాం పా" అంది అక్క. సోమశిల చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. పని కోడలికి అప్పగించి బయల్దేరదీశాను.

నేను ముందురోజే హైదరాబాద్ నుంచి గద్వాల చేరాను. బస్సులో నాలుగు గంటలకు పైనే పడుతుంది, రైలు కూడా ఉంది. పొద్దున్నే అక్క మల్దకల్ నుంచి ఆటోలో దిగింది. కారు వచ్చేలోపు పక్క వీధిలో మగ్గం చప్పుడు వినబడితే తొంగిచూశాం. నూలు చీరకు పట్టు అంచు కలుపుతూ ఒకావిడ తలెత్తకుండానే, "సూసి పోతరా, కొంటరా?" అంది. అక్క తడుముకోకుండా, "ఇయ్యాల సూస్తం, దసరాకు కొంటం" అంది. "అందరు గట్లనే అంటరు తియ్యి" అని ఆవిడ నవ్వింది. గద్వాల వచ్చి చీర కొనకుండా వెళ్లినందుకు నన్ను తిట్టుకోండి, ఆ రోజు మనసు అక్కడ లేదు.

సాయంత్రం దాకా కారుకు డీజిల్‌తో కలిపి మూడున్నర వేలు మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు తిమ్మప్ప. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు దగ్గర హైవే దిగి వనపర్తి చేరేసరికి ఎనిమిది దాటింది. బస్‌స్టాండు దగ్గరి చిన్న హోటల్లో బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ముగ్గురికీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. నేను ప్లేటు ముందు పెట్టుకుని నా ప్రశ్నను ఇంగ్లీషులో వల్లెవేస్తుంటే, బజ్జీలు తీస్తున్న పెద్దాయన అక్కను అడిగాడు: "మేడం ఇంటర్వ్యూకు పోతుందా అమ్మా?"

"ఇంటర్వ్యూకు కాదు, కొట్లాటకు పోతుంది" అంది అక్క.

"గట్లనా! అయితె ఇంక రెండు బజ్జీలు తినుండ్రి. ఉత్త కడుపుతోని కొట్లాడొద్దు" అని ఆయన వద్దన్నా వేసేశాడు.

వనపర్తి నుంచి పాన్‌గల్ మీదుగా కొల్లాపూర్‌కు గంటకు పైగా పట్టింది. రోడ్డు కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల నడుములు విరగ్గొట్టింది. కొల్లాపూర్ నుంచి సోమశిల పావుగంట. చివరి మలుపు తిరగగానే కృష్ణ కనిపించింది. నిండుగా, కదలకుండా, అవతలి కొండల దాకా నీళ్లే నీళ్లు. "అబ్బ!" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. బోటు దగ్గరివాళ్లు "ఎక్కుండ్రి, బోటు ఇడుస్తున్నం" అని పిలిచారు. నేను ఫోను చూసుకున్నాను. నీళ్ల దగ్గర సిగ్నల్ ఒక్క గీత, అదీ వస్తూ పోతూ. పైన కార్లు ఆపే చోటికి వస్తే నిండుగా ఉంది. బోటు తర్వాత చూసుకుందామని పైనే కారు పక్కన మకాం వేశాం.

పదకొండింటికి సమావేశం మొదలైంది. చైర్మన్ గారు చాలాసేపు తమను తాము మెచ్చుకున్నారు. మాట్లాడేవాళ్లలో నా నంబరు పద్దెనిమిది. ఎట్లా చూసినా గంట పడుతుందని లెక్కేశాను. "అయితె నేను కిందికి పోయి నెత్తిమీద నీళ్లు సల్లుకొని, ఒడ్డున గుడిల సామికి మొక్కొస్త" అని అక్క మెట్లు దిగింది. జవాబు తన చెవులతో వినాలనే కదా ఆమె వచ్చింది, వెళ్లనిచ్చిన నా తెలివికి దండం పెట్టాలి. ఎందుకంటే పేర్లు నమోదు చేసుకున్నవాళ్లలో సగం మంది ఆ రోజు రాలేదు! "నాలుగో నంబరు అందుబాటులో లేరు. అయిదు లేరు. ఆరు లేరు" అని పేర్లు పిలిచే అమ్మాయి చకచకా దాటేస్తోంది. చూస్తుండగానే పదమూడు వచ్చేసింది.

"తిమ్మప్పా! అక్కను పిలుచుకురా, ఉరుకు!" అని అరిచాను.

తాగుతున్న టీ కారు మీద పెట్టి తిమ్మప్ప మెట్ల మీద నుంచి దూకుతూ, "అమ్మా! జల్ది రా, కంపెనోల్లు పిలుస్తుండ్రు!" అని ఒడ్డంతా వినబడేలా కేక వేశాడు. బోటు వాళ్లు కూడా ఇటే చూశారు. అక్క తడిసిన కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రొప్పుతూ పైకి వచ్చేసరికి నా పేరు పిలిచేశారు.

నేను ఇంగ్లీషులో తడబడకుండా అడిగాను. ధర పడిపోయి కస్టమర్లు సరుకు తీసుకోకపోతే వాళ్లను కట్టిపడేసేది ఏముంది? కొత్త ఫ్యాక్టరీ అప్పు తీర్చడానికి మీ చేతిలో ఉన్న భరోసా ఏమిటి? చైర్మన్ గారు చిరునవ్వు నవ్వి, కస్టమర్లతో తమ బంధం ఎంత పాతదో, ఎంత గట్టిదో చెప్పారు. అంతే. "ధన్యవాదాలు మేడం, తర్వాతి వారు..." అంటూ ఆ అమ్మాయి నా గొంతు మూసేయబోయింది. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆగుండ్రి సార్, జర ఆగుండ్రి. నేను గూడ మీ షేర్లు కొన్నదాన్నే. బంధాల ముచ్చట ఎవరడిగిండ్రు? తీస్కోకపోతే ఏం చేస్తరు, గది చెప్పుండ్రి. అడ్వాన్సు మీ చేతిల ఉన్నదా, లేకుంటె ఉత్త మాటనేనా? ఉత్త మాట నమ్మి మా ఇంట్ల సంచులు పెట్టుకున్నం. మాకు ఎరికే."

కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లోనే, తెలుగు అర్థం కాలేదనే సాకు కూడా లేదు. గొంతు మూసేస్తారనే అనుకున్నాను. అప్పుడు ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి, నెరిసిన జుట్టాయన, మైకు దగ్గరికి జరిగాడు.

"నేను చెప్తానమ్మా. మా ఒప్పందాలు రెండు రకాలు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు సరుకు తీసుకోకపోతే ఆ అడ్వాన్సు వదులుకోవాలి, మిగతాదానికీ కొంత కట్టాలి. అడ్వాన్సు లేనివాళ్లు తీసుకోకపోతే మేం చేయగలిగింది తక్కువ. ఆ సరుకు వేరే చోట అమ్ముకోవాలి, వచ్చిన ధరకే."

"గదీ మాట! రెండిట్ల ఏది ఎక్కువున్నది?"

"కొత్త ఫ్యాక్టరీలో చేయబోయేదానికి ఎక్కువ భాగం అడ్వాన్సు తీసుకున్నాం. పాత ఫ్యాక్టరీ సరుకుకు అంత లేదు. అది నిజం."

"మరి గీ ముచ్చట కాయితం మీద ఎందుకు రాయలె సార్? రెండు కలిపి ఒక్కటే రాస్తె మాలాంటోల్లం ఎట్ల తెల్సుకుంటం? ఇడివిడిగ రాయుండ్రి."

ఆయన చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ గారు ఈసారి నవ్వలేదు. వచ్చే ఫలితాల నుంచి రెండింటినీ విడివిడిగా చూపిస్తామని అందరి ముందూ ఒప్పుకున్నారు. తర్వాతి నంబరు ఎవరో పెద్దాయన. "నేను అడగాలనుకున్నది కూడా అదే. ఆ అమ్మగారు అడిగేశారు, నాకింకేం లేదు" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను, నా వయసు మర్చిపోయి! తిమ్మప్ప చప్పట్లు కొట్టాడు. ఏం జరిగిందో తెలియకపోయినా బోటు వాళ్లూ ఈలలు వేశారు. అక్క మాత్రం ఫోను నాకిచ్చి, కుచ్చిళ్లు పిండుకుంటూ, "ఆకలైతుంది, పా" అంది.

చేపల పులుసుతో భోజనం చేశాం, మనిషికి నూటయాభై. తర్వాత బోటెక్కాం. ఎన్నో ఊళ్లు తిరిగి ఎన్నో రాశాను గానీ, ఇంత సంతోషంగా నేను ఎక్కడి నుంచీ తిరిగి రాలేదు. ఆ ఇంగ్లీషు ప్రశ్న కోసం నేను పడ్డ కష్టమంతా ఒక ఎత్తు, అక్క వదలకుండా పట్టుకున్న పట్టు ఒక ఎత్తు. అసూయ పడాలనిపించింది, చేతకాలేదు, అంత గర్వంగా ఉంది. ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటే: సోమశిలలో ఫోను పని ఏదున్నా పైన కార్లు ఆపే చోటే ముగించుకుని కిందికి దిగండి, నీళ్ల దగ్గర సిగ్నల్‌ను నమ్ముకోకండి.

కొల్లాపూర్ దాటాక అక్క బావకు ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది, కాబట్టి నేనూ తిమ్మప్పా కూడా విన్నాం.

"అమ్మను" అంది.

"ఎందుకే? రేపు ధర పడితె?" అన్నాడు బావ.

"పడితె పడనీ. ఏడ పడుతదో, ఎంత నిలబడుతదో ఇప్పుడు నాకు ఎరికే. నేను అడిగిన, వాళ్లు నాకు జవాబు చెప్పిండ్రు."

బావ అడిగాడు: "నీకా?"

"నాకే" అంది జయక్క.