మెత్తబడితే ఉడికినట్టేనా

మా బొగ్గుబాయి గేటుకు ఎదురుగా ఒక మెస్ ఉండేది. రేకుల షెడ్డు, రెండు పొడవాటి బల్లలు, వెనుక బొగ్గు పొయ్యిలు. లక్సెట్టిపేట నుంచి వచ్చిన ఒక అక్క దాన్ని నడిపేది. భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాక ఆమెకూ ఆమె అత్తకూ ఆ మెస్సే తిండి పెట్టింది. నేను చొప్పదండి వైపు నుంచి పనికి వచ్చినవాణ్ణి. పవర్‌హౌస్‌లో బాయిలర్ల ముళ్లు చూసి ఆవిరి ఒత్తిడి, నీటి వేడి రాయడం నా పని. బడి చదువు నాలుగో తరగతితోనే ఆగింది. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. రెండు పూటలా అక్క మెస్సులోనే తినేవాణ్ణి.

జీతాలు వచ్చిన ఆదివారం అక్కడ కోడికూర. కోడిని చిన్న తునకలు కొడితే ఎవరికి మెడ వచ్చింది, ఎవరికి రొమ్ము వచ్చింది అని తగువు పడేవాళ్లు. అందుకని ఆమె ఒక్కో కోడిని నాలుగు పెద్ద తునకలు చేసి మనిషికొకటి వేసేది. కూర ఉడికిందో లేదో చూడడానికి గరిటెతో ఒక తునక తీసి రెండు వేళ్ల మధ్య నొక్కేది. మెత్తగా ఉంటే పొయ్యి మీది గంజు దించేది. వాళ్ల అవ్వ కూడా అలాగే చూసేదట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొన్నేళ్లకు కాలనీ పెరిగింది, చుట్టుపక్కల ఊళ్లలో నాటుకోళ్లు దొరకడం తగ్గింది. సర్కారు కోళ్ల ఫారం నుంచి తెల్లకోళ్లు రావడం మొదలైంది. అవి లేత కోళ్లు. నాటుకోడికి పట్టే సమయంలో సగంలోనే మెత్తబడేవి. "బొగ్గు మిగులుతది, నా పాణం మిగులుతది" అని అక్క సంతోషపడింది. పళ్లు ఊడిన ముసలి కార్మికులు ఇంకా సంతోషపడ్డారు.

ఆ తెల్లకోళ్లు వండిన రెండో జీతపు ఆదివారం తరువాత మా వాళ్లలో చాలామంది మంచం పట్టారు. వాంతులు, విరేచనాలు. అందరికన్నా ఎక్కువ బాధపడింది బోథ్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మనిషి. బొగ్గు కోయడంలో ఆయనంత అనుభవం ఉన్నవాడు మా షిఫ్టులో లేడు. ఆయన మాటంటే మిగతావాళ్లకు గురి. ఆయన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టి సీసాలతో నీరు ఎక్కించారు. ఆ వారం మెస్సు బల్లలు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు మీది హోటల్‌కు మళ్లారు. అక్క వండిన అన్నం వండినట్టే మిగిలేది. ఇంకో నెల ఇలాగే నడిస్తే షెడ్డు వదిలి అత్తను తీసుకుని ఊరికి పోవాలని, పోతే అక్కడ కూలి తప్ప ఇంకోటి లేదని ఆమె నాతో అంది.

"నూనె కల్తీ తమ్మీ. లేకుంటే ఎవలదో దిష్టి," అంది.

నాకు అలా అనిపించలేదు. ఎవరెవరు ఏం తిన్నారో మాటల్లో పెట్టి అడిగాను. అదే నూనెతో చేసిన వంకాయకూర తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. తునక లేకుండా కోడి శేర్వ మాత్రమే అన్నంలో పోసుకున్నవాళ్లకూ ఏమీ కాలేదు, వాళ్లలో నేనూ ఉన్నాను. తునక తిన్నవాళ్లే పడిపోయారు. శేర్వ ఉడికింది, తునక ఉడకలేదు అని అర్థమైంది. కాని వేళ్లకు మెత్తగా తగిలిన తునక ఉడకలేదంటే ఆమెను నమ్మించడం ఎలా?

పెద్దమనిషిని చూడ్డానికి ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరును ఈ సంగతే అడిగాను. ఆయన కొట్టిపారేయలేదు. కోడి మాంసంలో లోపల, ఎముక పక్కన, మా మాటలో బొక్క పక్కన, ఫారన్‌హీటులో నూట అరవై అయిదు డిగ్రీలు రావాలన్నాడు. సగం వండి దించి మళ్లీ వండే పద్ధతి వద్దన్నాడు. అంకె దొరికింది. ఇక కొలవడం నాకు చేతనైన పని.

మా పవర్‌హౌస్ ఫిట్టరును అడిగి, నీటి వేడి చూసే ఒక పాత గడియారం తెచ్చాను. గుండ్రటి ముఖం మీద ముల్లు, కింద పెన్సిలంత ఇనుప పుల్ల. ముందు దాన్నే పరీక్షించాను. మరిగే నీళ్లలో రెండు వందల పన్నెండు చూపాల్సింది రెండు వందల ఎనిమిది చూపింది. అంటే నాలుగు తక్కువ చెప్పే మనిషి. అది తెలిస్తే దానితో పని చేసుకోవచ్చు.

"ఏంది తమ్మీ గది? బాయిలర్ ముల్లు తెచ్చి నా గంజుల పెడుతవా?"

"సబ్బుతోటి కడిగిన అక్కా. ఉడుకునీళ్లల్ల కూడ ముంచిన."

"కడిగితే? రేపు నా కూరల ఆవిరి ఎంతున్నదో కూడ రాస్తవు." నవ్వింది కాని వెంటనే ముఖం మారింది. "ఇన్నేండ్లు గిట్లనే వండిన. ఒక్కడన్న పడ్డడా?"

ఆ రోజు మా ఇద్దరి కోసం ఒక తెల్లకోడి వండించాను. ఆమె అలవాటు ప్రకారం నొక్కి చూసి, "అయిపోయింది" అంది. నేను పుల్లను తొడ తునకలోకి, బొక్క దాకా దించాను. ముల్లు నూట ముప్పై ఆరు దగ్గర నిలిచింది. నాలుగు కలిపితే నూట నలభై.

"మెత్తగనే ఉన్నది గదా!"

"మెత్తగున్నది అక్కా. ఉడకలే."

ఆమె ఆ తునకను మళ్లీ నొక్కింది, ముల్లును చూసింది, ఇంకోసారి నొక్కింది.

ఆమె పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను. అది నాటుకోడికి పుట్టిన పద్ధతి. ఊరంతా తిరిగి ముదిరిన కోడి మెత్తబడే లోపల, కావలసిన వేడి ఎప్పుడో దాటిపోతుంది. వేళ్లు చూసింది మెత్తదనాన్ని, కడుపును కాపాడింది వేడి. రెండూ కలిసి వచ్చినన్నాళ్లు రెండూ ఒకటే అనుకున్నారు. లేత కోడి వచ్చి ఆ రెంటినీ విడదీసింది.

తరువాతి జీతపు ఆదివారం ఆమె తునక మెత్తబడగానే గంజు దించలేదు. అన్నిటికన్నా పెద్ద తునకలో ముల్లు నూట డెబ్బై దాటేదాకా వండింది. పెద్దమనిషి వచ్చాడు. ఆయన వెనుక కొందరు గుమ్మం దగ్గరే నిలబడ్డారు, ఆయన తింటే కూర్చుందామని. ఆయన తునకను విరిచాడు. బొక్క పక్కన ఎర్రగా కనబడింది.

"చెల్లె, నీ కోడికి ఇంక పాణం ఉన్నది. జర ఆగు, కూత పెడితే విని పోత."

గుమ్మం దగ్గరివాళ్లు గొల్లున నవ్వారు. నేను పుల్లను కడిగి ఆ తునకలోనే పెట్టాను. పళ్లెంలో కాస్త చల్లారినా నూట అరవై ఆరు చూపింది, అసలు నూట డెబ్బై.

"చూడు మామా, ఉడికింది. ముల్లు చెప్తున్నది."

"ముల్లు తింటదా, నేను తింటనా? వాంతులు, బేదులు ముల్లుకైతయా?"

లేత కోడి బొక్క గట్టిపడదని, లోపలి ఎరుపు వండేటప్పుడు బయటికి ఊరుతుందని, బాగా ఉడికినా ఆ రంగు మిగలవచ్చని తరువాత డాక్టరు చెప్పాడు. ఆ పూట నాకు తెలియదు. తెలిసినా ఆయన్ను ఒప్పించేవాణ్ణి కాను. నెల కింద అదే పళ్లెంలో తిని ఆసుపత్రి పాలైన మనిషి ఆయన. నా అంకె నిజం, ఆయన భయమూ నిజం. ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు తిని చూపియ్యక్కా," అని మెల్లగా అన్నాను.

"నేను తింటే నా కడుపు నిండుతది, ఆయన భయం పోతదా?" అని ఆమె మాంసం కొట్టే కత్తి అందుకుంది. "కూసో అన్నా. ఉత్తగ పోవద్దు."

అందరి ముందే గంజులోని తునకలన్నీ తీసి, బొక్కలతో సహా చిన్నగా కొట్టింది. మళ్లీ శేర్వలో వేసి, పొయ్యి ఊది, కూర కుతకుత ఉడుకుతుంటే పక్కనే నిలబడింది. ఎవరూ వెళ్లలేదు. చివరికి ఒక తునక తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండు వైపులా తిప్పి చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. నోట్లో వేసుకున్నాడు. గుమ్మం దగ్గరివాళ్లు ఒక్కొక్కరే బల్ల మీదికి వచ్చారు.

వాళ్లు తిని వెళ్లాక ఆమె సంబరపడలేదు. "ఇప్పుడే ఏం తెలుస్తది తమ్మీ," అంది.

తెల్లారి మొదటి షిఫ్టుకు నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. నిన్న తిన్నవాళ్లను ఒక్కొక్కరినే కళ్లతో పట్టుకుంటోంది. పెద్దమనిషి అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు.

"ఏంది చెల్లె, బాయిల దిగుతవా ఏంది?"

"కడుపు ఎట్లున్నదే అన్నా?"

"ఖాళీగున్నది. మధ్యాహ్నం ఏం వండుతున్నవ్?"

"పప్పు."

"నిన్న కోడి పెట్టి, ఇయ్యాల పప్పా?" అని గొణుక్కుంటూ ఆయన లోపలికి వెళ్లాడు. ఆమె ఒక్క నిమిషం గేటు వైపే చూసి, కొంగు నడుముకు చుట్టుకుని, బియ్యం కడగడానికి రోడ్డు దాటింది.