ముందు సీటువాడి చెయ్యి

మద్దిలపాలెంలో షేర్ ఆటోలు ఎడమకు తిరిగేటప్పుడు లైటు వెలగదు. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నవాడు చెయ్యి బయటపెడతాడు, అంతే. ఆఫీసుకు సైకిలు మీద వెళ్ళే నేను ఆ చెయ్యి చూసే ఆగేదాన్ని. ఒక్కసారి పడినా సైకిలు అమ్మేస్తానని అమ్మ ముందే చెప్పింది. రోజు మొత్తం మీద నన్నెవరూ ఏమీ అడగని సమయం ఆ సైకిలు మీదే దొరికేది.

ఒక సోమవారం చెయ్యి కనిపించగానే బ్రేకు వేశాను. ఆటో తిన్నగా పోయింది. ఆ చేతిలోంచి వేరుశెనగ తొక్కలు నా మీదికి ఎగిరాయి.

"తొక్కలకే బెదిరిపోనాదిరా బావా!" అన్నాడు ముందు సీటువాడు. లోపలివాళ్ళంతా నవ్వారు.

మర్నాడు అదే ఆటో, అదే మనిషి, అదే చెయ్యి. మళ్ళీ నవ్వుతారని సిగ్గేసి ఆగలేదు. ఆటో ఎడమకు తిరిగింది. నేను దాని చక్రం పక్కన పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.

"సెయ్యి సూపినాను కదా! కళ్ళు కనపడవేటి?" అన్నాడతను.

వద్దని బతిమాలినా వినకుండా, వంకరపోయిన సైకిలును ఆటో మీద కట్టి డ్రైవరు నన్ను ఇంటికే తీసుకొచ్చాడు. అమ్మ మొదట డ్రైవరుకి మంచినీళ్ళిచ్చింది.

"సైకిల్ అమ్మేత్తాను బాబూ. రేపట్నుంచి దీన్ని ఆఫీసుకి నువ్వే తీసుకెళ్ళు."

"అలగే అమ్మా. పిల్లకి బెదురెక్కువ, నాను జాగర్తగా సూసుకుంతాను."

అమ్మ అతనికి దణ్ణం పెట్టింది.