కింది అవ్వ స్లాబుకు కొట్టిన సున్నం

బోధన్‌లో మా అమ్మగారింట్లో బీరకాయ చెక్కు తీస్తుండగా ఫోన్ వచ్చింది. నిజామాబాద్‌లో మేము కిరాయికుండే ఇంటి యజమానురాలి కొడుకు. "అక్కా, అవ్వ పొద్దుగాల పోయింది. దమ్ము ఆడలే" అన్నాడు. "అట్లనా" అన్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన కాయ కూడా చెక్కు తీశాను. చెక్కంతా గుప్పిట్లో పట్టుకుని లేచి, ఎక్కడ వేయాలో తెలియక వంటింట్లో నిలబడిపోయాను. అమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో పడేసింది.

మీకు ఆమె తెలియదు. కొడుకు తల్లిని అవ్వ అనేవాడు. మేము పైన, ఆమె కింద. అందుకే మా ఇంట్లో ఆమె కింది అవ్వ. వాకిట్లో కూర్చుని బీడీలు చేసేది. ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు, రెండు వంటిళ్ల తొక్కలు, వాకిలి ఊడ్చిన ఎండుటాకులు అన్నీ చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో వేసి, పైన ఇంత మన్ను చల్లేది. కొన్నాళ్లకు అది నల్లటి ఎరువయ్యేది. చెరుకు రసం బండి దగ్గర పిప్పి అడిగి తెచ్చి, ఎండబెట్టి, చెట్ల మొదళ్లలో పరిచేది. ఎందుకవ్వా అంటే, "మన్నుకు ఎండ కొట్టదా?" అనేది.

మేము దిగిన కొత్తలో నేను తొక్కలు కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వబోతే మెట్ల దగ్గర ఆపింది.

"పారేస్తే యాడికి పోతది బిడ్డా? మన గల్లీ దాటి ఇంకొగల్ల గల్లీల పడ్తది. గంతే."

నల్లా వదిలేసి గిన్నెలు తోమితే కింది నుంచి కేక వినిపించేది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాల్సిందే. "మోటరు ఏసుడే మనకెరుక. నీళ్లు మనం పుట్టిస్తున్నమా?" అనేది. నాకు విసుగొచ్చేది.

మా పాప పుట్టిన ఎండాకాలం పై గదులు పొయ్యిలా కాగాయి. పిల్ల ఒళ్లంతా చెమటకాయలు. పాలు తాగేది కాదు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మా ఆయన కూలర్ కొందామన్నాడు. అప్పటికే బోరు సన్నబడింది, కూలర్లో పోయడానికి నీళ్లెక్కడివి? అవ్వ పిల్లను చూడడానికి పైకొచ్చి, గోడకు అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. వెంటనే కిందికి దిగిపోయింది.

తెల్లారేసరికి నానబెట్టిన సున్నం బకెటుతో స్లాబు మీద ఉంది. కొడుకు బతిమాలుతున్నాడు.

"నేను కొడ్తనే అవ్వా, నువ్వు దిగు."

"నువ్వు మూలలు ఇడుస్తవ్."

నేను మెట్లెక్కి వెళ్తే కసిరింది. "బాలింతవు, ఎండల ఎందుకొస్తివి? పోయి పాత చీరలు తడిపి కిటికీలకు కట్టు. పడమటి దిక్కు మందంగ కట్టు."

ఎండెక్కేలోగా ఒక పూత, మర్నాడు ఇంకో పూత. ఇల్లు చల్లబడిందని చెప్పను. వేడి తగ్గింది. ఆ సాయంత్రం పిల్ల పాలు తాగి నిద్రపోయింది. కిందికెళ్లి చెప్తే, బీడీల చాట మీంచి తలెత్తకుండా "పండుకుందా? మంచిగైంది" అంది. అప్పటి నుంచి ఏటా ఎండలు ముదరకముందే సున్నం కొట్టుకునేవాళ్లం. ఆయాసం వచ్చి మెట్లెక్కలేని రోజుల్లో కింద కూర్చుని, "మూలలైనయా?" అని అడిగేది.

ఫోన్ వచ్చిన రోజే బస్సెక్కి నిజామాబాద్ వెళ్లాను. ఆమెను చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను, చెప్పులు సర్దాను, ఎవరేమన్నా తలూపాను.

దినం భోజనాలకు ముందు రోజు కొడుకు వాకిట్లో నిలబడి, "ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు చెప్పిన. అలకగ అయితది, కడుగుడు ఉండది" అన్నాడు. ధర్పల్లిలో ఉండే అతని అక్క వింది.

"వద్దు తమ్మీ. మా దిక్కు మోదుగాకు విస్తర్లు దొర్కుతయి, నేను తెప్పిస్త."

"మరి గ్లాసులు? గన్ని స్టీలు గ్లాసులు ఎవలు కడుగుతరు?"

"నేను కడుగుత" అన్నాను. ఫోన్ వచ్చినప్పటి నుంచి నా అంతట నేను అన్న మాట అదొక్కటే. అతను నా వంక చూసి, ఫోన్ తీసి, ప్లేట్లు వద్దని చెప్పాడు.

దినం నాడు అందరూ తిని వెళ్లాక విస్తర్లు గోడ వారన కుప్ప పోశారు. నేను టబ్బు ముందు కూర్చుని గ్లాసులు కడుగుతున్నాను. తీసి ఉన్న గేటులోంచి ఒక ఆవు లోపలికొచ్చి కుప్పలో మూతి పెట్టింది. ఎవరో కట్టె అందుకున్నారు.

"తిననియ్యుండ్రి, ఆకులే గద" అన్నాడు కొడుకు.

కట్టె మళ్లీ గోడకు చేరింది. ఆవు తొందర లేకుండా ఒక్కో ఆకు లాక్కుని నములుతోంది. వాకిలంతా ఆ చప్పుడే.