జూలైలో స్వెట్టరు

ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి వాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో మాలాంటి ముసలివాళ్ళకి ఒక ఆచారం ఉండేది. ఆర్నెల్లయ్యి ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు మిగిలిన పచ్చళ్ళూ, చలి కోట్లూ, మాత్రలూ వెనకున్నవాళ్ళకి పంచిపోవాలి. అమెరికాలో డాక్టరు గుమ్మం తొక్కడమంటే ఆస్తి రాసివ్వడమే కదా మరి! అలా ఎదురు బ్లాకు వదినగారు వెళుతూ వెళుతూ ఒక సంచీడు బిళ్ళలు నా చేతిలో పెట్టింది. "కాళ్ళ వాపుకి వదినా, ఒంట్లో నీరు లాగేస్తుంది" అంది.

విమానం దిగిన దగ్గర్నుంచీ మా ఆయన పాదాలు బూరెల్లా ఉన్నాయి. నేను చదివింది ఐదో క్లాసు. రోజుకో బిళ్ళ మింగించడానికి అంతకంటే చదువెందుకు? వాపు తీసింది. ఉన్న మందు పారేస్తామా అని వేస్తూనే పోయాను.

మూడు నెలలు తిరిగేసరికి ఆయనకి రొమ్ములు పెరిగాయి.

"కూతురింటి నెయ్యి బాగా ఒంటబట్టింది. ఇంకా తినండి పిజ్జాలు, నేను పురిటికి ఏర్పాట్లు చూస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. మండే జూలైలో స్వెట్టరు తొడుక్కుని, జిప్పు గొంతుదాకా లాక్కుని సోఫాలో కూర్చునేవారు. సాయంత్రం నడక లేదు, బెంచీ మీద పేకాట లేదు. ఎవరైనా అడిగితే జలుబని చెప్పమనేవారు. నేను చెప్పేదాన్ని, వాళ్ళు నమ్మేవాళ్ళు. పేకాటరాయుళ్ళ తెలివి ఆపాటిది.

ఒకరోజు చొక్కా విప్పుతూ "అబ్బా" అన్నారు. ఎడం పక్క చనుమొన కింద గట్టిగా గడ్డలా తగిలింది. "మా అక్క ఇలాంటి దానితోనే పోయింది. అమ్మాయికి చెప్పకు" అన్నారు. ఎకసెక్కాలన్నీ అక్కడితో కట్టిపెట్టాను. వెంటనే వెళ్ళి అమ్మాయికి చెప్పేశాను.

డాక్టరమ్మ తెలుగు పిల్లే. ఏం మందులు వాడుతున్నారని అడిగితే అమ్మాయి "బీపీ టాబ్లెట్ ఒక్కటే" అంది. నేను ఊరుకుంటానా? హ్యాండ్‌బ్యాగులోంచి నా సంచీ తీసి బల్ల మీద పెట్టాను, మెచ్చుకుంటుందని.

"ఇవెవరు రాసిచ్చారు ఆంటీ?"

"ఎదురు బ్లాకు వదినగారు."

"ఆవిడ డాక్టరా?"

"హెడ్మాస్టరు గారి భార్య."

డాక్టరమ్మ సంచీలోంచి ఒక బిళ్ళ తీసి చూసింది. ఈ మందు కొంతమంది మగవాళ్ళకి ఇలా రొమ్ములు పెంచుతుందిట. మానేస్తే మెల్లిగా తగ్గచ్చుట, ఏళ్ళ తరబడి వాడి ముదరబెడితే ఆపరేషన్ చేసి తీసేయాల్సి వస్తుందిట. "అయినా లోపల ఇంకేదీ లేదని తేల్చుకోవాలి" అని రొమ్ము ఫోటోకి పంపింది.

అది ఆడవాళ్ళకి తీసే యంత్రం. వెయిటింగ్ రూములో అందరూ ఆడంగులే, మధ్యలో స్వెట్టరులో మా ఆయన. నర్సు పేరు పిలిస్తే అందరూ నా వంక చూశారు. లేచింది ఆయన. నర్సు ఆయన చేతిలో గులాబీ గౌను పెట్టింది. ఇంకోరోజైతే ఏడాదికి సరిపడా నవ్వుకునేదాన్ని.

రిజల్టుకి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బావుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. గిన్నెలు తోమినవే మళ్ళీ తోమాను.

మూడో రోజు ఫోను వచ్చింది. అమ్మాయి వింటూ వింటూనే ఏడ్చేసింది. భయపడాల్సిందేమీ లేదుట, బిళ్ళ వల్లేనట.

ఆయన కళ్ళు తుడుచుకుని, అల్లుడి ముందే అమ్మాయితో అన్నారు: "నా ఒంటికి బిళ్ళ మానేస్తే చాలుట. మరి మీ అమ్మ నోరు తగ్గాలంటే ఏం మానేయాలో అడిగావుటే?"

నలభై ఏళ్ళ కాపురంలో అంత మాట పడి ఊరుకున్నది లేదు. ఆరోజు వంటింట్లోకి వెళ్ళి ఆయనకి కాఫీ కలిపాను, నీళ్ళు పొయ్యకుండా, చిక్కటి పాలతో.