గవర్రాజు గారి పంచె

గవర్రాజు గారికి ప్రపంచంలో ఏ పనికన్నా ముందు తన పంచెను చూసి రావడం ముఖ్యం. కాఫీ ఇస్తే, "ఉండండి, పంచె సూసొత్తాను." శుభలేఖ ఇచ్చినా, "పంచె సూసొత్తాను." పక్కవీధిలో ఇల్లు అంటుకుందని చెప్పినా బహుశా పంచె తరవాతే బిందె.

డెబ్బైల చివర్లో రేవు దగ్గర వన్‌టౌన్‌లో మావి పక్కపక్క మేడలు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. తెల్లారగానే తెల్లపంచె ఒకటి తడిపి డాబా మీద వెదురుకర్రకు కట్టేవారు. గడియ గడియకూ మెట్లెక్కి, దాన్ని నిమిరి, వేళ్లు చూసుకునేవారు. ఒక్కోసారి ఆరకముందే విప్పేసేవారు. ఆ పంచెను బట్టలుతికే చిలకమ్మకు వెయ్యరు, తనే ఉతుక్కుంటారు. అందుకని వీధి ఆయన్ను పిసినారిగా తేల్చేసింది.

"పెళ్లిసూపుల్లో నన్నయినా ఇంతసేపు సూళ్లేదు మాస్టారూ" అనేవారు ఆయన భార్య వరహాలమ్మ గారు నాతో.

"నువ్వు రంగు మారలేదు గదే" అనేవారాయన.

పంచె మారేది. రేవు వైపు ఇనుప ఖనిజం గుట్టలు. గాలి తిరిగితే వాటి మీంచి ఎర్రటి మంచులాంటిది లేచి, ఓడలనూ క్రేన్లనూ కొండనూ గులాబీరంగు కలలో ముంచి, నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా మా వీధికేసి వచ్చేది. అందంగానే ఉండేది, ఒప్పుకోవాలి. ఎక్కడి అడవుల్లోనో పుట్టిన మన్ను, రైలెక్కి వచ్చి, ఏ దేశానికో ఓడెక్కబోతూ, మధ్యలో మా బట్టల మీద మజిలీ చేసేది. ఒక సభలో ఒక పెద్దమనిషి దాన్ని అభివృద్ధి కుంకుమ అన్నాడు. ఆయన కాపురం రేవుకు దూరంగా సీతమ్మధారలో.

మా ఆవిడ భ్రమరాంబకు మాత్రం ఆ కుంకుమ చిలకమ్మ నిర్వాకంగా కనిపించింది. ఓ రోజు ఆవిడ తెల్లచీర గులాబీ అయి తిరిగొచ్చింది.

"ఏ గుంటలో ముంచావే దీన్ని?"

"గాలమ్మా. ఇసకలో ఆరేత్తే ఇలగయిపోతంది. నానేటి సేతును?"

"గాలి మీదికి నెట్టకు. ఇంకొక్క గుడ్డ ఎర్రబడితే వీధంతా వేరే మనిషిని పెట్టుకుంటాం."

చిలకమ్మకు మా వీధే జీవనం. మూటెత్తుకుని పోయింది. అరుగు మీద పేపరు చదువుతున్న గవర్రాజు గారు తలెత్తలేదు. విచిత్రంగా, ఆ తరవాత బట్టలు మల్లెపూలలా రావడం మొదలెట్టాయి.

ఒకనాడు ఆయనకు జ్వరం. మంచం దిగబోతే వరహాలమ్మ గారు దిగనివ్వలేదు. పలకరించడానికి వెళ్లిన నా చెయ్యి గవర్రాజు గారు పట్టుకున్నారు.

"మాస్టారూ, పంచె సూసి రండి. ఎర్రబడితే దింపెయ్యండి."

"జ్వరంలో కూడా పంచేనా?"

"ఎల్లండి బావూ. ఆలీసం సెయ్యకండి."

ఎక్కాను. తడిపంచె తాకితే వేళ్లకు ఎర్రపొడి. దూరాన గులాబీ తెర పెంకుటిళ్ల మీదుగా తేలుతూ వస్తోంది. పంచె విప్పాను. మేడ వెనక ఇసకదిబ్బ మీద ఒక తల పైకి లేచింది. చిలకమ్మ. ఇక చూడండి, నా చొక్కాలూ మా ఆవిడ చీరలూ చకచకా లాగి పాకలోకి మోసేసింది. దుమ్ము వచ్చి వాలేసరికి ఇసక మీద ఒక్క గుడ్డ లేదు. గార్డు ఉద్యోగం మానేశారు గాని జెండా మానలేదన్నమాట. ఆయన పంచె పిచ్చి, చీర గొడవైన వారంలోనే మొదలైందని నాకప్పుడు తట్టింది.

"మాతో చెప్పొచ్చు కదండీ" అన్నాను కిందికొచ్చి.

"సెప్తే మీ ఇంటావిడ గాల్ని నమ్ముతారేటి? సిలకమ్మకి మేడ నేదు, నాకుంది. అంతే గదా." దుప్పటి లాక్కున్నారు. "ఆ పంచె బకెట్లో పడెయ్యండి, జరం తగ్గాక ఉతుక్కుంటాను. సిలకమ్మకి మాత్రం ఎయ్యకండి. దానికి పని పెరిగిపోద్ది."

మర్నాడూ జ్వరం తగ్గలేదు. పొద్దున్నే నా పంచె ఒకటి తడిపి ఆయన కర్రకు కట్టి ఇంటికొచ్చాను. భ్రమరాంబ తెల్లచీర మడతపెడుతోంది.

"చూశారా, మల్లెపువ్వు. ఆవేళ నేను గట్టిగా చివాట్లు పెట్టబట్టే చిలకమ్మ దారికొచ్చింది."

"నిజమే."

"కాఫీ కలపనా?"

"ఉండు, పంచె చూసొస్తాను."