ముప్పై రెండు వరుసలు

2020 ఆగస్టు 6, గురువారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలకు మంథనిలోని మా అద్దె ఇంటికి లెబనాన్ రాజధాని బీరుట్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి ఒక ర్యాప్ గాయని. అంతకు రెండు రోజుల ముందు ఆ నగరపు ఓడరేవు పేలిపోయింది. రేవుకు దగ్గరలో, ఒక పాత భవనం కింది నేలమాళిగలో ఉన్న రికార్డింగ్ స్టూడియోలో నేను ఆరేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. ఆ మార్చిలోనే, పని సన్నగిల్లి, ఇంటికి తిరిగి వచ్చాను.

ఆమె మాట్లాడింది వీధి అరబ్బీ. దాన్ని పుస్తకాల తెలుగులో రాస్తే అబద్ధమవుతుంది. మా ఇంటి మాటలోనే రాస్తాను.

"కాకా, అన్న పోయిండు," అంది. "ఆరింటికి కరెంటు వస్తదని రికార్డింగుకు దిగిండు. బిల్డింగు మొత్తం మీద పడ్డది."

ఆమే వెంటనే అడిగింది: "డిస్కులన్నీ అండ్లనే పోయినయి. అవ్వ మీద కట్టిన పాట నీ ఫోన్ల ఉన్నదని అన్న ఒకసారి చెప్పిండు. ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. దేవులాడి పంపిస్త."

వెతకకుండానే మాట ఇచ్చాను. జీవితంలో నేను లెక్క చూడకుండా చెప్పిన మాటలు తక్కువ. అది వాటిలో ఒకటి.

స్టూడియోలో నా పని ఊడ్చడం, కాఫీ కాయడం, కరెంటు పుస్తకం రాయడం. అక్కడ కరెంటు రోజూ గంటల తరబడి పోయేది. జనరేటర్ వేస్తే దాని గుర్రు మైకులోకి దిగేది. అందుకే పాడేవాళ్లంతా సర్కారు కరెంటు ఉన్న వేళకే రావాలి. ఏ వీధికి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది నిమిషాలతో సహా నేను రాసిపెట్టేవాణ్ణి. ఆ వేళలకు సున్నీలు, షియాలు, క్రైస్తవులు, శిబిరాల్లో పుట్టిన పాలస్తీనీయులు ఒకే మెట్ల మీద వరుసగా కూర్చునేవారు. ఒకరి వీధిని ఒకరు ప్రాస కట్టి తిట్టుకునేవారు. వార్తల్లో వినబడే అరబ్బీని ఎవరూ ముట్టుకునేవారు కాదు. తల్లి కోపంలో వాడే అరబ్బీలోనే పాడేవారు. బడిలో మా మాటకు నవ్విన పంతులు నాకు అప్పుడప్పుడు గుర్తొచ్చేవాడు.

ఆమె అన్న పగలు గోదాములో బస్తాలు లెక్కపెట్టేవాడు, సాయంత్రం పాడేవాడు. నా పుస్తకం తిరగేసి నవ్వేవాడు: "కాకా, మా దేశం కరెంటు చరిత్ర నీ తాన్నే ఉన్నది. సర్కారుకు అమ్ముకో."

అవ్వ మీద, అంటే తల్లి మీద, ఆయన కట్టిన పాట నలభై వరుసలు. వాళ్ల ఇల్లు ఆరో అంతస్తులో ఉండేది. తల్లి చనిపోయిన రోజు కరెంటు లేక లిఫ్టు కదలలేదు. నలుగురు మనుషులు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో కట్టి, మెట్ల మీదుగా దించారు. ప్రతి అంతస్తుకూ ఒక తలుపు తెరుచుకోవడమే ఆ పాట. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా బాపును బొగ్గుబావిలోంచి పైకి తెచ్చారు. మోసిన చేతులు అప్పుడూ నాలుగు జతలే. అందుకే ఫిబ్రవరి 18న, ఆయన అనుమతితో, నా ఫోను బల్ల మీద పెట్టి పాటను రికార్డు చేసుకున్నాను. ఆ తర్వాత సంగీతం కుదరలేదని ఆయన మళ్లీ పాడాలనుకున్నాడు.

ఆ ఫోను కోసం ఇల్లంతా వెతికాను. చివరికి దాని జాడ దొరికింది నా డైరీలో: "14-6-2020, ఆదివారం. తెర పగిలి, పనిచేయని ఫోను 1 ఇచ్చాను. బదులుగా నీలం టబ్బు 1, మగ్గులు 2. సిమ్ము తీసుకున్నాను." పాత ఫోన్లకు ప్లాస్టిక్ సామాను ఇచ్చే మోపెడు మనిషి ఆ రోజు మా గల్లీకి వచ్చాడు. లోపలి మెమరీ కార్డు సంగతి డైరీలో లేదు.

"తిన్న టైము గూడ రాస్తవు," అంది నా భార్య. "గా కార్డు యాదికి రాలేదా?"

"సచ్చిన ఫోనని..."

"ఫోను సచ్చింది. కార్డు సచ్చిందా?"

మరునాడు ఆ మోపెడు మనిషిని పెద్దపల్లిలో పట్టుకున్నాను. అతడు కరీంనగర్‌లోని తుక్కు దుకాణం పేరు చెప్పాడు. దుకాణదారు మాస్కు కిందికి జరిపి, "జూన్ సరుకు జులైలనే లారెక్కింది సారూ. ఢిల్లీల పగులగొట్టి రాగి తీస్తరు. ఏమున్నది అండ్ల, బంగారమా?" అన్నాడు.

"ఒక మనిషి గొంతు."

"మీ ఇంటోళ్లదా?"

"కాదు."

ఆయన మిగిలిన రెండు సంచులు నా ముందు కుమ్మరించాడు. 212 ఫోన్లు చూశాను. నాది లేదు.

మిగిలినవి నేను వెంట తెచ్చుకున్న ఏడు కరెంటు పుస్తకాలే. ఆయన సాధన చేస్తున్నప్పుడు, భాష నేర్చుకోవడానికి, పాటను వాటిలో చివరిదాంట్లో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఆయన పక్కన కూర్చుని దిద్దాడు. కానీ ఫోన్‌లో పట్టిన ఆ ఫిబ్రవరి 18న, ముప్పై రెండో వరుస దగ్గర నన్ను లేపాడు: "కాఫీ తేపో కాకా. చివరి ఎనిమిది నా చెల్లె మీదివి. దానికి ఇప్పుడే చెప్పకు." నేను వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పాట అయిపోయింది. బల్ల మీది ఫోను మాత్రమే ఆ ఎనిమిదీ విన్నది; అది పాడయ్యేలోపు నేను పెట్టి వినలేదు.

ఆగస్టు 9, ఆదివారం, ఉదయం పది గంటలకు ఆమెకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె నిందించలేదు. "సరే, ఉన్నది చదువు," అంది. నలభై ఒక్క నిమిషాలు చదివాను, ఆమె రాసుకుంది. మూడో అంతస్తు దగ్గర ఒకసారి నవ్వి, "అన్న గిట్ల నీ చదువుడు ఇంటే నిన్ను మెట్ల మీదికెల్లే ఎల్లగొట్టేటోడు," అంది. ఆ తర్వాత నవ్వలేదు.

"అవ్వను కిందికి దించినంక ఏమన్నడు?" అని అడిగింది.

"అప్పుడు నేను కాఫీ కాడికి పోయిన."

"ఆ వరుసలు ఎవరి మీదనో చెప్పిండా?"

"తెల్వదు బిడ్డా," అన్నాను.

ఆనాటి పేజీలో రాసిన లెక్క ఇది.

పోయినవి: మనిషి ఒకరు, స్టూడియో ఒకటి, డిస్కులు ఇరవై ఆరు, ఫోను ఒకటి, వరుసలు ఎనిమిది, గొంతు మొత్తం.

ఉన్నవి: వరుసలు ముప్పై రెండు, కరెంటు పుస్తకాలు ఏడు, టబ్బు ఒకటి, మగ్గులు రెండు. ఆమెకు చెప్పనిది ఒకటి.