పెద్దమ్మ పోసిన రంగుపుల్లలు

మా మనవరాలు విరిగిన క్రేయాన్ ముక్కలను గిన్నెలో వేసి కరిగిస్తోంది. వంటింట్లోంచి ఆ మైనం వాసన రాగానే చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఫోన్లో చూసి నేర్చుకుందట. ఆ పని నాకు దాని వయసులోనే వచ్చు. నేర్పింది మా పెద్దమ్మ సుభద్రమ్మ, నాగర్‌కర్నూల్‌లో, ఇంకా నిజాం రాజ్యం నడుస్తున్న రోజుల్లో.

మా పెద్దనాయన ఒక పెద్ద అధికారి పిల్లలకు ఇంటికి వెళ్లి చదువు చెప్పేవాడు. ఆ దొరబిడ్డలు విరిచి పారేసిన రంగుపుల్లల ముక్కలన్నీ ఏరి, దస్తీలో మూటకట్టి తెచ్చేవాడు. ఉమ్మడి ఇంట్లో పిల్లలందరినీ సాకే పెద్దమ్మ మా చేత వాటిని ఏ రంగుకా రంగు వేరు చేయించేది. ఎర్రవి తక్కువ పడితే తేనెమైనం కలిపి కాస్త జాజుపొడి వేసేది. ఆముదపు ఆకుల కాడలు లోపల బోలుగా ఉంటాయి కదా, వాటిని ఒక కొసన మట్టితో మూసి, ఇసుకలో నిలబెట్టి, కరిగిన మైనం పోసేది. చల్లారాక కాడ చీలిస్తే కొత్త రంగుపుల్ల! ఊళ్లో ఏ పిల్లలకూ లేని వైభోగం మాది. దానికి తగ్గ గీర కూడా మాకు బాగానే ఉండేది.

మైనం లింగాల అడవి వైపు నుంచి వచ్చేది. తేనె అమ్మే చెంచు ఆమె ఒకతె తెచ్చేది. వెంట కూతురు ఈదమ్మ. తల్లి వీధులన్నీ తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల మా అరుగు కింద ఎండలో నిలబడి మమ్మల్నే చూసేది. ఒకరోజు పెద్దమ్మ ఈదమ్మ చెయ్యి పట్టి తెచ్చి, అరుగు మీద నా పక్కన, మైనం కరిగే కుంపటి ముందు కూర్చోబెట్టింది. అది మా నాయనమ్మ కంట పడనే పడింది.

"గా పిల్లను అరుగెక్కించినవేంది?"

"మైనం ఎక్కింది గద అత్తమ్మా, తెచ్చిన పిల్ల ఎక్కితే ఏమాయె?"

"గట్లనా! అయితే నువ్వు నా వంటింట్ల కాలు పెట్టకు."

మా ఇంట్లో నాయనమ్మ మాటకు తిరుగులేదు. కోడలిని వంటింట్లోకి రానివ్వలేదంటే ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. ఆ తర్వాత పుట్టింటికి పంపడమే మిగిలేది. పెద్దమ్మకు పిల్లలు లేరు, ఆమె తరఫున మాట్లాడేవారూ లేరు. ఈదమ్మను దించేస్తుందనే అనుకున్నాం. పెద్దమ్మ మాత్రం కొంగు చేతికి చుట్టుకొని కుంపటి ఎత్తి, ఈదమ్మను వెంటబెట్టుకొని వీధిలోకి దిగింది. అందరూ చూస్తుండగా అక్కడే కూర్చొని మైనం పోయసాగింది. మేమూ ఒక్కొక్కరమే దిగాం. వీధి పిల్లలు కూడా చేరారు.

సాయంత్రం పెద్దనాయన వచ్చాడు. ఇంక చూసుకో, అనుకొని బిక్కచచ్చిపోయాం. ఆయన చెప్పులు విడిచి, "జర జరుగు" అని భార్య పక్కన కూర్చున్నాడు. "మీ అమ్మకు ఏం చెప్తవు?" అని పొరుగాయన అడిగితే, "చెప్పేదంత ఈమెనే చెప్పింది" అన్నాడు.

అప్పటినుంచి పెద్దమ్మ వంట పెరట్లో రాళ్లపొయ్యి మీద. ఈదమ్మ వచ్చినప్పుడల్లా రంగులు వీధిలో. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిల్లలు మాడిపోతుండ్రు. లోపలికి రాండ్రి."

పెద్దమ్మ లేవలేదు. "అందరమా, అత్తమ్మా?"

నాయనమ్మ ఈదమ్మ వంక చూసింది, తర్వాత కోడలి వంక. "అందరిని రమ్మన్న. చెవుడా నీకు?"

పెద్దమ్మ ఈదమ్మను ముందు నడిపించి, తాను వెనక నడిచింది. ఎన్నేళ్లయినా ఆ నడక తలచుకుంటే నాకు గుండె నిండిపోతుంది.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. ఆలస్యంగా వచ్చిన పిల్లలను, చదువు అప్పజెప్పని పిల్లలను గుమ్మం బయట నిలబెట్టడం మా బళ్లో ఆనవాయితీ. నా తరగతిలో మాత్రం ఎవరినీ నిలబెట్టలేదు. హెడ్మాస్టరు ఒకసారి కోపంగా, "ఇది ఎవరు నేర్పిన పద్ధతి?" అని గద్దించాడు. పిల్లలందరూ వినేలా చెప్పాను: "నేను సుభద్రమ్మ పెంచిన పిల్లను సార్."